ధర చూసి వదిలేయడం

సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పై పరిమితి) గురించి మళ్లీ వాదన మొదలైంది. మేజర్ లీగ్ బేస్‌బాల్ యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది కాబట్టి ఇది ఇంకా పెరిగేదే. ఈ విషయం మీద ఏ వ్యాసం తీసినా అవే రెండు అంకెలు కనిపిస్తాయి: ఇద్దరు స్టార్ ఆటగాళ్ల ఒప్పందాలు, ఒహ్తానీది 700 మిలియన్ డాలర్లు, సోటోది 765 మిలియన్ డాలర్లు. ఆ అంకెల మీద నాకు ఆసక్తి తగ్గిపోయింది. డబ్బున్న జట్టు గొప్ప ఆటగాణ్ణి కొనుక్కుంది, అంతే. అందులో ఆ జట్టు బుర్ర ఎలా పనిచేస్తుందో తెలిసేది ఏమీ లేదు. అది తెలియాలంటే నవంబరు మూడో వారంలో టెండర్ గడువు (ఆటగాడికి వచ్చే ఏడాది ఒప్పందం ఇస్తారో వదిలేస్తారో జట్టు తేల్చాల్సిన గడువు) ముగిసిన రాత్రి ఆ జట్టు ఎవరెవరిని వదిలేసిందో చూడాలి.

ఆ రాత్రి చాలా జట్లు ఆటగాడి ధర చూస్తాయి. పోయిన ఏడాది అతని ఆట ఎందుకు పాడయిందో చూడవు. ఈ రెండో ప్రశ్న వేసుకున్న జట్లే మిగతావాళ్లు పారేసినదాంతో లాభపడ్డాయి. నా వాదన ఇదే. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణలూ ఉన్నాయి, వాటినీ ముందు పెడతాను.

ఎక్కడమే తప్ప దిగడం లేని మెట్లు

మొదటి మూడేళ్లు ఆటగాడు దాదాపు కనీస వేతనానికే ఆడతాడు. 2025లో అది 7,60,000 డాలర్లు, 2026లో 7,80,000. మూడేళ్ల సర్వీసు (మేజర్ లీగ్‌లో గడిపిన కాలం) పూర్తయ్యాక ఆరేళ్లు నిండేదాకా ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తుల ద్వారా జీతం తేల్చుకునే పద్ధతి. రెండేళ్లు దాటి మూడేళ్లు నిండనివాళ్లలో సర్వీసు ఎక్కువున్న పై 22 శాతం మంది ఒక ఏడాది ముందే ఇందులోకి వస్తారు. జీతం కుదరకపోతే జనవరిలో జట్టు ఒక అంకె, ఆటగాడు ఒక అంకె ఇస్తారు. ముగ్గురు మధ్యవర్తులు ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. మధ్యలో ఇంకో అంకె చెప్పే అధికారం వాళ్లకు లేదు.

ఈ పద్ధతిలో జీతం పోయిన ఏడాది జీతం మీద కట్టుకుంటూ పైకి పోతుంది. హోమ్‌రన్లు (మైదానం దాటించే దెబ్బలు), ఆర్‌బీఐలు (కొట్టి రప్పించిన పరుగులు), సేవ్‌లు (పిచర్ ఆధిక్యం కాపాడి ముగించిన ఆటలు), ఆడిన ఇన్నింగ్స్, వచ్చిన అవార్డులు ఏడాదికేడాది పోగుపడతాయి. అదే సర్వీసున్న పాత ఆటగాళ్లకు ఎంత ఇచ్చారన్నది కొలబద్ద. ఆట పడిపోయిన ఏడాది కూడా జీతం ఎంతో కొంత పెరుగుతుంది, లేదా అక్కడే నిలబడుతుంది. తగ్గించి ఇవ్వాలన్నా పోయిన ఏడాది జీతంలో 20 శాతం కంటే ఎక్కువ కోయడానికి నిబంధన ఒప్పుకోదు.

ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. 2024 నవంబరు వేలంలో కోల్‌కతా 23.75 కోట్లకు కొన్న వెంకటేశ్ అయ్యర్‌ను మరుసటి ఏడాది వదిలేస్తే బెంగళూరు 7 కోట్లకు తీసుకుంది. వేలంలో ధర పైకీ పోతుంది, కిందికీ వస్తుంది. ఆర్బిట్రేషన్‌లో కిందికి దిగే దారి దాదాపు లేదు. ఉన్న దారి ఒక్కటే, పూర్తిగా వదిలేయడం. వదిలేశాక అదే జట్టు అదే మనిషిని తక్కువకు మళ్లీ తీసుకోవచ్చు, కానీ అవమానపడ్డ ఆటగాడు సాధారణంగా ఇంకో తలుపు తడతాడు.

ఇంకో చిన్న సందు ఉంది. గడువుకు ముందు జట్టు ఏజెంటుకు ఫోన్ చేసి, అంచనా జీతం కంటే తక్కువ అంకె చెప్పి, దీనికి ఒప్పుకుంటే ఉంచుకుంటాం, లేదంటే వదిలేస్తాం అంటుంది. గడువు రోజు ఒక మిలియన్‌కో రెండు మిలియన్లకో వరసగా కుదిరినట్టు కనిపించే ఒప్పందాల్లో చాలావరకు ఇలాంటివే. అందులో బెదిరింపు ఉంది. అయినా ఈ మొత్తం పద్ధతిలో ఆటగాణ్ణి వదిలేయకుండా ధర కిందికి దిగే చోటు అదొక్కటే కాబట్టి నేను దాన్ని పూర్తిగా తప్పుపట్టలేను.

పదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు

2016 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఏడో ఆట, పదో ఇన్నింగ్స్. వాన ఆగాక షికాగో కబ్స్ తరఫున కైల్ ష్వార్బర్ సింగిల్ కొట్టాడు. అతని బదులు పరుగెత్తడానికి ఆల్బర్ట్ ఆల్మోరా వచ్చాడు. బ్రయంట్ కొట్టిన పొడవాటి ఫ్లై బంతి మీద ఆల్మోరా రెండో బేస్‌కు చేరాడు, జోబ్రిస్ట్ డబుల్‌తో ఇంటికి వచ్చాడు. 108 ఏళ్ల తర్వాత కబ్స్‌ను గెలుపు ముందు నిలబెట్టిన పరుగు అది.

నాలుగేళ్లకు, 2020 డిసెంబరు 2న, కబ్స్ ఆ ఇద్దరినీ ఒకే రోజు వదిలేసింది.

కాలం బాలేదన్నది నిజమే. కోవిడ్ వల్ల 60 ఆటల సీజన్ జరిగింది, స్టేడియాల్లో జనం లేరు, టికెట్ల రాబడి సున్నా. ష్వార్బర్ 59 ఆటల్లో 11 హోమ్‌రన్లు కొట్టాడు, బ్యాటింగ్ సగటు (హిట్ కొట్టిన నిష్పత్తి) .188. అతని జీతం 7 మిలియన్లు దాటింది. మరుసటి ఏడాదికి 8 మిలియన్ల అటూ ఇటూ అవుతుందని అంచనా. కాగితం మీద .188 ఒక వైపు, 8 మిలియన్లు ఇంకో వైపు పెడితే వదిలేయడమే సరైనదనిపిస్తుంది.

కానీ ఆ .188 ఎక్కణ్ణుంచి వచ్చింది? బ్యాట్ నుంచి బంతి వెళ్లే సగటు వేగం 2019లో ఎంతో 2020లోనూ దాదాపు అంతే, గంటకు 92 మైళ్ల పైన. వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఉచితంగా పొందే మొదటి బేస్) తీసుకునే శాతం పెరిగింది. పడిపోయిందల్లా మైదానంలోకి కొట్టిన బంతుల్లో హిట్‌గా మారినవాటి శాతం, అది .219కి దిగింది. పూర్తి సీజన్ ఆడితే ఆ అంకె అంత కింద ఉండిపోవడం అరుదు, 59 ఆటల్లో ఎవరికైనా జరగొచ్చు. కారణం చూసుంటే, ఇది చెయ్యి పడిపోయిన బ్యాటర్ కథ కాదని తెలిసేది.

వాషింగ్టన్ నేషనల్స్ 10 మిలియన్లకు అతన్ని తీసుకుంది. అక్కడి బ్యాటింగ్ కోచ్ కెవిన్ లాంగ్ అతనితో పని చేశాడు. జూన్‌లో మేనేజర్ అతన్ని మొదటి బ్యాటర్‌గా పంపడం మొదలుపెట్టాక 18 ఆటల్లో 16 హోమ్‌రన్లు వచ్చాయి. తర్వాత ఫిలడెల్ఫియా నాలుగేళ్లకు 79 మిలియన్లు ఇచ్చింది. ఆ నాలుగేళ్లలో 46, 47, 38, 56, మొత్తం 187 హోమ్‌రన్లు. లాంగ్ కూడా ఫిలడెల్ఫియాకే వెళ్లాడన్నది నా దృష్టిలో చిన్న విషయం కాదు. 2025 డిసెంబరులో అదే జట్టు ఇంకో అయిదేళ్లకు 150 మిలియన్లు రాసిచ్చింది.

కబ్స్ ఆదా చేసిందా అంటే అదీ అనుమానమే. ఖాళీ అయిన లెఫ్ట్ ఫీల్డ్‌కు రెండు నెలలు తిరక్కుండానే జాక్ పీడర్సన్‌ను 7 మిలియన్లకు తెచ్చుకుంది. ష్వార్బర్‌కు అయ్యేదాంతో పోలిస్తే తేడా మిలియనో రెండు మిలియన్లో. ఆ జులైలో పీడర్సన్‌నూ అమ్మేసింది.

ఇప్పుడు రెండోవాడి సంగతి. ఆల్మోరాను న్యూయార్క్ మెట్స్ 1.25 మిలియన్లకు తీసుకుంది. 52 సార్లు బ్యాట్ పట్టి 6 హిట్లు కొట్టాడు, సగటు .115. అతని విషయంలో కబ్స్ నిర్ణయం సరైనదే. అతని పతనానికి దురదృష్టం కారణం కాదు. బంతిని నేల మీదికే కొడుతున్నాడు, వాక్‌లు తీసుకోవడం లేదు, కుడిచేతి పిచర్ల ముందు తేలిపోతున్నాడు. ఇవన్నీ అంతకుముందు రెండేళ్లుగా కనిపిస్తున్నవే.

ఒకే జట్టు, ఒకే రోజు, ఒకే రకం లెక్క. ఒకటి తప్పింది, ఒకటి కుదిరింది. ఇద్దరి సగటూ పడిపోయింది కాబట్టి ఇద్దర్నీ ఒకే గంపలో వేశారు.

గాస్‌మన్, రెండు అంకెల మధ్య తేడా

పిచర్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2019లో కెవిన్ గాస్‌మన్ జీతం 9.35 మిలియన్లు. అట్లాంటాలో 16 ఆటల్లో స్టార్టర్‌గా (మొదటి పిచర్‌గా) దిగి ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు) 6.19 తెచ్చుకున్నాడు. ఆగస్టులో వేవర్స్ మీద, అంటే వేరే ఏ జట్టైనా తీసుకోవచ్చని, పెడితే సిన్సినాటి తీసుకుంది, డిసెంబరులో అదీ వదిలేసింది. ఏడాది మొత్తానికి ఈఆర్ఏ 5.72. అదే ఏడాది ఎఫ్ఐపీ, అంటే ఫీల్డర్ల ప్రమేయం లేని స్ట్రైకౌట్లు, వాక్‌లు, హోమ్‌రన్లు మాత్రమే లెక్కలోకి తీసుకునే కొలత, 3.98. రెంటికీ మధ్య ఒకటిన్నర పరుగు పైన తేడా ఉంటే పిచర్ పాడయ్యాడని అనుకునేముందు ఆగి చూడాలి.

సిన్సినాటిలోనే జవాబు సగం కనిపించింది. అతన్ని బుల్‌పెన్‌లో (స్టార్టర్ తర్వాత దిగే పిచర్లలో) వాడినప్పుడు ఫాస్ట్‌బాల్, స్ప్లిటర్ (చివర్లో కిందికి జారే బంతి) రెంటి మీదే ఎక్కువగా ఆధారపడ్డాడు, ఈఆర్ఏ 4.03కు దిగింది. పనికిరాని స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) మానేస్తే ఆ స్ప్లిటర్ ఒక్కటే చాలన్న సంగతి ఆ జట్టు దగ్గరున్న వీడియోలోనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో 9 మిలియన్లకు తీసుకుని, అతన్ని మళ్లీ స్టార్టర్‌ని చేసింది. 2020లో 3.62. ఆ తర్వాత 18.9 మిలియన్ల క్వాలిఫయింగ్ ఆఫర్‌కు (జట్టు ఇచ్చే ఒక ఏడాది నిర్ణీత ధర ఒప్పందానికి) ఒప్పుకుని 2021లో 2.81 ఈఆర్ఏ, 227 స్ట్రైకౌట్లు. ఆ శీతాకాలం టొరాంటో అయిదేళ్లకు 110 మిలియన్లు ఇచ్చింది. సిన్సినాటికి డబ్బు ఇబ్బంది ఉండొచ్చు. కానీ జవాబు చేతిలో ఉంచుకుని ప్రశ్న వేసుకోని జట్టుగానే దాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను.

బెలింజర్, నా వాదనకు ఎదురుగా

కోడీ బెలింజర్ పేరు నా పక్షాన చెప్పడం తేలిక. 2019లో 47 హోమ్‌రన్లు, ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు). 2020 అక్టోబరులో అట్లాంటా మీద ఏడో ఆటలో హోమ్‌రన్ కొట్టి, సంబరంలో తోటి ఆటగాడి ముంజేతికి ముంజేయి కొట్టుకుంటే కుడి భుజం కీలు తప్పింది. నవంబరులో శస్త్రచికిత్స. 2021లో కాలి ఎముకకు పగులు, ఆ ఏడాది సగటు .165. 2022లో .210. జీతం మాత్రం మెట్లెక్కుతూనే ఉంది: 11.5, 16.1, 17 మిలియన్లు. 2023కి 18 దాకా అవుతుందని అంచనా. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వదిలేసింది. కబ్స్ 17.5 మిలియన్లకు ఒక ఏడాదికి తీసుకుంటే .307 సగటుతో 26 హోమ్‌రన్లు కొట్టాడు. ఎడమచేతి బ్యాటర్‌కు బంతికి ఎదురుగా ముందుండే కుడి భుజంలో బలం తగ్గితే ఎత్తులో వచ్చే వేగమైన బంతి అందదు. కారణం ఒక ఎక్స్‌రే అంత స్పష్టంగా ఉంది, బలం తిరిగి రావడానికి కాలమే కావాలి.

ఇక్కడిదాకా నా వాదనే. అయితే డాడ్జర్స్ వైపు నుంచి చూద్దాం. 2021, 2022, 2023 వరసగా మూడేళ్లు లగ్జరీ టాక్స్ గీత (మొత్తం జీతాలు దాటితే పన్ను పడే హద్దు) దాటిన జట్టు అది. మూడో ఏడాదికి పన్ను మొదటి మెట్టులోనే 50 శాతం. 18 మిలియన్ల ఆటగాడు ఆ జట్టుకు కనీసం 27 మిలియన్లవుతాడు. కబ్స్ పెట్టిన ధరా, డాడ్జర్స్ పెట్టాల్సిన ధరా ఒకటి కావు. పైగా సెంటర్ ఫీల్డ్‌లో దాదాపు కనీస వేతనానికే జేమ్స్ ఔట్‌మన్ 23 హోమ్‌రన్లు కొట్టి కొత్త ఆటగాళ్ల అవార్డు ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. జట్టు 100 ఆటలు గెలిచింది. ఆ ఏడాది వరకు చూస్తే డాడ్జర్స్ పోగొట్టుకున్నది ఏమీ లేదు.

2024లో ఔట్‌మన్ సగటు .150 కూడా దాటలేదు, ట్రిపుల్ ఏకు (మైనర్ లీగ్ పై స్థాయికి) పంపారు. ఇది చూపించి నా వాదనే గెలిచిందని అనవచ్చు. అనను. ఆర్బిట్రేషన్‌లో ఇంక ఒక్క ఏడాదే మిగిలిన బెలింజర్ 2024లో ఎలాగూ డాడ్జర్స్‌తో ఉండేవాడు కాడు. ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. వదిలేసినవాళ్లలో మనకు గుర్తుండేది మళ్లీ లేచినవాళ్లే. ఏటా ఆ రాత్రి పదుల సంఖ్యలో ఆటగాళ్లు బయటికొస్తారు. వాళ్లలో ఎక్కువమంది మైనర్ లీగ్ ఒప్పందాలతో, తర్వాత జపాన్‌లోనో కొరియాలోనో, లేదా అసలు ఎక్కడా లేకుండా కనుమరుగవుతారు. పది మందిలో ఎనిమిది మంది విషయంలో జట్లు సరిగ్గానే ఊహిస్తున్నాయేమో. నా ఫిర్యాదు మిగిలిన ఇద్దరి గురించి. ఆ ఇద్దర్నీ ఎనిమిది మందిలోంచి విడదీయడానికి కావలసిన సమాచారం గడువు రోజునే జట్టు దగ్గర ఉంటుంది: వైద్య నివేదికలు, బంతి వేగం, పిచ్ తిరిగే తీరు. బయటివాళ్లకు ఇందులో సగమే అందుతుంది. సగం సమాచారంతో కబ్స్, శాన్‌ఫ్రాన్సిస్కో చేసిన పని, మొత్తం సమాచారం ఉన్న సొంత జట్టు చేయలేకపోవడం నాకు మింగుడుపడదు.

నలభయ్యో చోటు

డబ్బు కాకుండా చోటు కోసం వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. 60 రోజుల గాయాల జాబితాలో ఉన్నవాళ్లు జట్టు ఉంచుకోగల 40 మంది జాబితాలో లెక్కకు రారు. వరల్డ్ సిరీస్ అయిన అయిదు రోజులకు వాళ్లంతా తిరిగి లెక్కలోకి వస్తారు, శీతాకాలంలో ఆ జాబితా ఉండదు కాబట్టి. అదే నెలలో రూల్ 5 డ్రాఫ్ట్‌లో (ఆ 40లో లేనివాళ్లను ఇతర జట్లు ఎంచుకునే చోట) ఎవరూ ఎత్తుకుపోకుండా కుర్రవాళ్లను కూడా 40లో చేర్చాలి. నవంబరు మధ్యకల్లా 44 మందికి 40 కుర్చీలు అన్న పరిస్థితి మామూలే. ఇరుకులో ముందు బలయ్యేది ఆప్షన్లు అయిపోయి మైనర్స్‌కు పంపడానికి వీల్లేని, జీతం పెరగబోతున్న ఆటగాడు.

2002 డిసెంబరులో మిన్నెసోటా డేవిడ్ ఓర్టీజ్‌ను విడుదల చేసింది. ఆ ఏడాది అతను 20 హోమ్‌రన్లు కొట్టాడు, జీతం మిలియన్‌కు లోపే. కావలసిన చోటు రూల్ 5లో తీసుకున్న హోసే మోర్బాన్ అనే షార్ట్‌స్టాప్‌కు. మోర్బాన్ మార్చి దాటకుండానే వేవర్స్ మీద బాల్టిమోర్‌కు పోయాడు. ఓర్టీజ్‌ను బోస్టన్ 1.25 మిలియన్లకు తీసుకుంది. ఆ తర్వాత అతను బోస్టన్‌కు పెద్ద స్టార్ అయ్యాడు.

గెలిచి నష్టపోయిన ఆటగాడు

జట్లదే తప్పంటూ ఇంతసేపూ రాశాను. నిబంధనల తప్పూ ఉంది, దాన్ని జే.డి. డేవిస్ కంటే బాగా చూపించేవాళ్లు లేరు.

2023లో శాన్‌ఫ్రాన్సిస్కోకు, ఎక్కువగా మూడో బేస్‌లో, 144 ఆటలు ఆడి 18 హోమ్‌రన్లు కొట్టాడు. జట్టు 6.55 మిలియన్లు అంది, అతను 6.9 అన్నాడు. తేడా మూడున్నర లక్షల డాలర్లు. 2024 ఫిబ్రవరిలో మధ్యవర్తుల ముందు అతనే గెలిచాడు. మార్చి మొదట్లో జట్టు మ్యాట్ చాప్‌మన్‌ను అదే స్థానానికి తీసుకుంది. మార్చి 11న డేవిస్‌ను విడుదల చేసింది.

2022 ఒప్పందం ప్రకారం విచారణ దాకా పోకుండా కుదుర్చుకున్న ఆర్బిట్రేషన్ జీతానికి పూర్తి హామీ ఉంటుంది. విచారణలో తేలిన జీతానికి ఉండదు. సీజన్ మొదలవడానికి పదహారు రోజుల కంటే ముందు విడుదల చేస్తే 30 రోజుల జీతం ఇస్తే సరిపోతుంది. 186 రోజుల సీజన్‌లో 30 రోజులకు 6.9 మిలియన్ల వాటా 11,12,903 డాలర్లు. ఓక్లాండ్‌తో కుదిరింది 2.5 మిలియన్లకు. రెండూ కలిపినా గెలుచుకున్న జీతానికి 3 మిలియన్ల పైన తక్కువ. ఓడిపోయి ఉంటే కూడా ఇదే గతి. తక్కువ అంకెకు తల ఊపి సంతకం పెట్టుంటే మొత్తం డబ్బు వచ్చేది.

విచారణకు పోనివ్వకుండా చేయడమే ఆ నిబంధన ఉద్దేశం. పోతే ఏమవుతుందో కూడా చూశాం. 2023లో మిల్వాకీ కార్బిన్ బర్న్స్‌తో 10.01, 10.75 మిలియన్ల మధ్య తేడా కోసం, అంటే 7,40,000 డాలర్ల కోసం పోట్లాడి గెలిచింది. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తెచ్చుకున్న పిచర్ కూర్చుని వింటుండగా, ముందు ఏడాది ప్లేఆఫ్స్ అందకపోవడానికి అతనే ప్రధాన కారణమన్నట్టు వాదించారు. ఆ మాట అతను తర్వాత విలేకరుల ముందే బయటపెట్టాడు, సంబంధం దెబ్బతిందని కూడా చెప్పాడు. ఏడాది తిరిగేసరికి అతను బాల్టిమోర్‌లో ఉన్నాడు. అతని బదులు మిల్వాకీకి జోయీ ఓర్టీజ్, డీఎల్ హాల్, ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు) వచ్చాయి. ఆ వ్యాపారం తప్పని అనను. పేద జట్లకు ధర పెరగకముందే అమ్మడం, టాంపా బే ఏళ్లుగా చేస్తున్నట్టు, వదిలేయడం కంటే ఎన్నో రెట్లు నయం. గడువు వారం దాకా ఆగితే ఇతర జట్లన్నిటికీ ఎలాగూ వదిలేస్తారని తెలిసిపోతుంది, ఎవరూ ఏమీ ఇవ్వరు. అమ్మాలంటే జులైలోనే అమ్మాలి.

గడువు ఎప్పుడుండాలి

2020 వరకు టెండర్ గడువు డిసెంబరు మొదట్లో ఉండేది. ఇప్పుడు నవంబరులోకి జరిగింది. వింటర్ మీటింగ్స్ (జట్లన్నీ కలిసి బేరాలాడే సమావేశాలు) అప్పటికింకా జరగవు, మార్కెట్‌లో ఎవరి ధర ఎంతో తెలియదు. బదులు ఆటగాడు ఎంతకు దొరుకుతాడో తెలియకుండానే ఉన్నవాణ్ణి వదిలేయాలి. అందుకే గడువును జనవరిలో అంకెలు ఇచ్చిపుచ్చుకునే రోజుకు జరపాలని మొదట అనుకున్నాను. జట్లకు కారణం వెతకడానికి ఇంకో ఏడు వారాలు దొరుకుతాయి.

కానీ డేవిస్ మార్చి 11న బయటికొచ్చాడని గుర్తు చేసుకుంటే ఆ ఆలోచన నిలబడదు. ఆలస్యంగా వదిలేస్తే జట్ల దగ్గర డబ్బూ ఉండదు, చోటూ ఉండదు. ష్వార్బర్‌కు 10 మిలియన్లు వచ్చాయంటే డిసెంబరు మొదట్లోనే అతను అందరికీ అందుబాటులో ఉండడమూ ఒక కారణం. తొందరగా వదిలేయడం ఆటగాడికి మేలు, ఆలస్యంగా తేల్చుకోవడం జట్టుకు మేలు. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఆటగాడి వైపే ఉంటాను. గడువు నవంబరులోనే ఉండనీ. అయితే ఆ రాత్రి టెండర్ ఇచ్చిన జట్టు తర్వాత విచారణకు పోయినా, ఓడినా, ఇంకొకణ్ణి తెచ్చుకున్నా, జీతం మొత్తం చెల్లించాలి. 2026 డిసెంబరు తర్వాత రాయబోయే ఒప్పందంలో క్యాప్ ఉంటుందో లేదో గానీ, 30 రోజుల జీతం అన్న ఆ వాక్యాన్ని మాత్రం ఆటగాళ్ల సంఘం కొట్టేయించాలి.